పద్నాలుగు రోజుల కాగితం: పర్లాకిమిడిలో గాబరాకు వైద్యం, నా అనుభవం

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మనం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, ఆసుపత్రిలో చీటీ ఒడియాలో రాయించుకుంటాం, మందుల షాపులో రెండూ కలిపి నెట్టుకొస్తాం. జ్వరానికీ దెబ్బకీ ఇది సరిపోతుంది. గాబరాకి సరిపోదు. గాబరా, బెంగ, దిగులు, గుబులు, చిరాకు, విసుగు అని తెలుగులో మనకు ఎన్ని మాటలున్నాయో, అన్ని బాధలున్నాయి. ఒడియాలో చెప్పబోయేసరికి అవన్నీ కలిసి ఒక్క "చింతా" అయిపోతాయి. చీటీ మీదికి ఎక్కేసరికి "గ్యాస్, నీరసం" అవుతాయి. నాకు ఏడు నెలలు అలాగే గడిచాయి: గ్యాస్ మాత్రలు, బలానికి సూదులు, రెండుసార్లు గ్లూకోజు సీసా. నేను చెప్పింది "ఒంట్లో బాగోవడం లేదు" అని మాత్రమే. దానికి తగ్గ మందే వచ్చింది.

దారి మారింది ఒక కాగితంతో. ఇదే దారిలో వెళ్ళబోయేవాళ్ళు ముందు చెయ్యాల్సింది కూడా అదే కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

రూళ్ళ నోటుబుక్కులో ఒక పేజీకి నాలుగు గళ్ళు గీయాలి. మొదటిది టైము. రెండోది ఒంట్లో ఎక్కడ, ఏమయింది. మూడోది ఎన్ని నిమిషాలుంది. నాలుగోది దానికి ముందు ఏం జరుగుతోంది. పద్నాలుగు రోజులు రాయాలి. పద్నాలుగే ఎందుకంటే, తర్వాత ఆసుపత్రిలో అడిగే ప్రశ్నలన్నీ "గత రెండు వారాల్లో" అనే మొదలవుతాయి. అప్పుడు జ్ఞాపకం మీద ఆధారపడితే నిన్నటి బాధే రెండు వారాల బాధలా కనిపిస్తుంది. నా కాగితంలో ఒక వరుస ఇలా ఉంది: "తెల్లవారుజాము 3.20. గుండె దడ, వేళ్ళ చివర తిమ్మిరి. 15 నిమిషాలు. నిద్రలోంచి మెలకువ రాగానే." ఇంకొకటి: "సాయంత్రం 6. మెడ వెనక బిగుతు. గంట. ఫోను మోగినప్పుడల్లా." ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, రెండో గడిలో కారణం రాయడం. "అప్పు గురించి టెన్షన్" అని రాస్తే డాక్టరుకి పనికొచ్చేది తక్కువ. కారణాలు నాలుగో గడిలోకి పోవాలి. రెండో గడిలో ఒళ్ళు మాత్రమే ఉండాలి.

మాటల దగ్గర జాగ్రత్త పడాలి. బెంగ అనేది దూరమైన మనిషి మీదో ఊరి మీదో ఉంటుంది. సూరత్‌కో చెన్నైకో పనికి పోయిన కొడుకు మీద తల్లికి ఉండేది బెంగ. దిగులు పోయినదాని మీద ఉంటుంది, దాంతో దేని మీదా ఆసక్తి ఉండదు, అన్నం సయించదు. గాబరా ఇంకా జరగనిదాని గురించి. విసుగూ చిరాకూ అలసటలోంచి వస్తాయి. ఈ తేడా డాక్టరుకి చాలా ముఖ్యం, ఎందుకంటే దిగులు ఎక్కువైతే ఒక రకం వైద్యం, గాబరా ఎక్కువైతే ఇంకొక రకం. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. కాబట్టి కాగితం మీద తెలుగు మాటే రాసుకుని, కింద ఒడియాలో మూడు వాక్యాలు సిద్ధం చేసుకుంటే చాలు. "ఛాతి ధడధడ హెఉచి" అంటే గుండె దడగా ఉంది. "నిదొ హెఉని" అంటే నిద్ర పట్టడం లేదు. "ముండొ బులాఉచి" అంటే తల తిరుగుతోంది. ముండొ అంటే ఒడియాలో తల, మన పెద్దవాళ్ళు ఆ మాట అనడానికి సంకోచిస్తారు గాని అక్కడ అది మామూలు మాటే. తెలుగు తెలిసిన స్టాఫ్ నర్సు ఎవరైనా ఉన్నారేమో ముందే అడగండి. నాకు దొరికిన ఆవిడ కాగితం చూసి "ఇలా వరసగా రాసుకొస్తే మాకూ సులువమ్మా" అన్నారు.

మొదటి మెట్టు ఒళ్ళు తనిఖీ. గుండె దడ అనగానే మనసే కారణమని తేల్చేయకూడదు. థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తే అచ్చం గాబరాలాగే ఉంటుంది: దడ, చేతులు వణకడం, చెమట, బరువు తగ్గడం. రక్తం తక్కువైనా దడే. షుగరు పడిపోయినా వణుకే. అందుకని థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్ పరీక్ష, హిమోగ్లోబిన్, షుగరు, బీపీ, ఒక ఈసీజీ. నాకు ఇవన్నీ మామూలుగా ఉన్నాయి. మామూలుగా వచ్చాయంటే "నీకేం లేదు, ఇంటికి పో" అని అర్థం కాదు, వెతకాల్సిన చోటు ఇక వేరే అని అర్థం. ఒక్క మాట: ఛాతీ మధ్యలో బరువుగా నొక్కినట్టు ఉండి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పడితే కాగితం రాస్తూ కూర్చోకూడదు. అది గాబరా అయినా సరే, ముందు ఈసీజీ.

ఆ తర్వాత రెండు ప్రశ్నపత్రాలు. ఆందోళనకు, అంటే మన గాబరాకు, జీఏడీ-7, దిగులుకు పీహెచ్‌క్యూ-9. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు మార్కులు: అసలు లేదు, కొన్ని రోజులు, సగం రోజులకు మించి, దాదాపు రోజూ. మొదటిదాన్లో మొత్తం 21, రెండోదాన్లో 27. 5 నుంచి తేలిక, 10 నుంచి మధ్యరకం, 15 నుంచి ఎక్కువ. దిగులు పత్రంలో 20 నుంచి తీవ్రం. నాకు ఆందోళనలో 16, దిగులులో 11 వచ్చాయి. ఇవి రోగనిర్ణయం కాదు, కొలబద్ద. ఇంట్లో తలుపు మీద పిల్లల ఎత్తు గీతలు గీసినట్టు, మూడు వారాలకోసారి ఇదే పత్రం మళ్ళీ నింపి పక్కన తేదీ వేస్తేనే దానికి విలువ.

దిగులు పత్రంలో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచనల గురించి. ఇంటివాళ్ళ ఎదుట దీనికి చాలామంది సున్నా వేస్తారు. దయచేసి ఒంటరిగా కూర్చుని నింపండి, నిజం వేయండి. సున్నా కాకపోతే అదే రోజు డాక్టరుకి చెప్పాలి. ఆ ఆలోచన గట్టిపడుతున్న మనిషిని ఒంటరిగా వదలకూడదు, పురుగుమందు డబ్బాలు, మాత్రల అట్టలు ఇంట్లోంచి తీసేయాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడక్కర్లేదు. అడగడం వల్ల అలా జరగదు. రాత్రయినా పగలయినా 14416కి ఫోను చెయ్యవచ్చు. ఇది టెలీ మానస్ అనే మానసిక సాయం ఫోను, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, డబ్బులు పడవు, తెలుగు కూడా ఉంది. సరిహద్దులో ఉన్న మనకు ఇది పెద్ద సదుపాయం: ఒడిశాలో కూర్చుని తెలుగులో చెప్పుకోవచ్చు. ఫోను చేసేటప్పుడు కూడా ఆ కాగితం చేతిలో ఉంటే మాట తడబడదు.

ఎక్కడికి వెళ్ళాలన్నది తర్వాతి చిక్కు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఏ రోజుల్లో కూర్చుంటారో ముందు కనుక్కోవాలి. అక్కడ రాసిన మందు ఆసుపత్రిలోనే నిరామయ (ఒడిశా ప్రభుత్వ ఉచిత మందుల పథకం) కౌంటర్లో ఉచితం. ఇంకా పెద్ద ఆసుపత్రి కావాలంటే బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఉంది, తెలుగు కోరుకునేవాళ్ళకి శ్రీకాకుళం ఉంది, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఒక రాష్ట్రం ఇచ్చిన ఆరోగ్య కార్డు ఇంకో రాష్ట్రంలో నడుస్తుందని అనుకుని బయల్దేరకండి, ముందే అడగండి. నెలనెలా వెళ్ళాల్సిన వైద్యం ఇది. కాబట్టి మంచి పేరున్న దూరపు డాక్టరు కంటే, ప్రతిసారీ చేరుకోగలిగిన దగ్గరి డాక్టరు మేలన్నది నా గట్టి అభిప్రాయం. ఊళ్ళో తెలిసిపోతుందన్న భయం ఉన్నవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మన వివరాలు గోప్యంగా ఉంచడం హక్కు. ప్రభుత్వ వైద్యం పొందడం కూడా హక్కే.

ఇక డాక్టరు నాకు చెప్పిన వైద్యం. మొదటి వారం శ్వాస. ముందు కారణం చెప్పాలి. భయపడినప్పుడు ఒళ్ళు పోట్లాటకో పరుగుకో సిద్ధమవుతుంది. అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ దీన్ని 1915లోనే వివరించారు. అడ్రినలిన్ పుంజుకుంటుంది, గుండె వేగం పెరుగుతుంది, శ్వాస పైపైన వేగంగా సాగుతుంది. పరుగెత్తకుండా కూర్చునే వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వేళ్ళ తిమ్మిరి, పెదవుల చుట్టూ జివ్వుమనడం, తల తిరగడం దాని ఫలితాలే. నా కాగితంలో 3.20కి రాసిన తిమ్మిరి ఇదే. ఇది తెలియక, గాలి చాలట్లేదనుకుని గట్టిగా పెద్ద ఊపిరి తీస్తే ఇంకా పెరుగుతుంది. "పెద్దగా ఊపిరి పీల్చు" అని పక్కవాళ్ళిచ్చే సలహాతో వచ్చే నష్టం అక్కడే.

సరైన పద్ధతి: ముక్కుతో మెల్లగా నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. నిమిషానికి ఆరు శ్వాసలు. అయిదు నిమిషాలు, పొద్దున్న, సాయంత్రం. ఒక చెయ్యి పొట్ట మీద, ఒకటి ఛాతీ మీద. పొట్ట మీది చెయ్యి కదలాలి, ఛాతీ మీదిది దాదాపు కదలకూడదు. తల తిరిగిందంటే ఊపిరి ఎక్కువ తీస్తున్నట్టే, తగ్గించండి. కాగితం సంచిలో ఊపిరి తీయమని పాతకాలంలో చెప్పేవారు, అది వద్దు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి ప్రమాదం. ఇంకొక పొరపాటు, దడ వచ్చినప్పుడే మొదటిసారి చెయ్యడం. ఈత నేర్చుకోవాల్సింది మహేంద్రతనయ నది నిండుగా పారుతున్నప్పుడు కాదు కదా. రెండు వారాలు బాగున్నప్పుడు చేస్తేనే బాగోలేనప్పుడు పట్టుదొరుకుతుంది.

మెడ బిగుతుకి కండరాలు వదులు చేసే పద్ధతి చెప్పారు. పిడికిలి అయిదు సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలేసి, పదిహేను సెకన్లు అలాగే వదులుగా ఉంచాలి. తర్వాత మోచెయ్యి, భుజాలు, నుదురు, దవడ, పొట్ట, తొడలు, చివర పిక్కలు. పిక్కలు మరీ గట్టిగా బిగిస్తే రాత్రి పిక్క పట్టేస్తుంది, సగం బలం చాలు. ఫలితం బిగించడంలో లేదు, వదిలాక ఆ తేడాని గమనించడంలో ఉంది.

నిద్ర దగ్గర నేను ఎక్కువ కష్టపడ్డాను, ఎక్కువ లాభమూ అక్కడే వచ్చింది. నిద్ర పట్టట్లేదని రాత్రి తొమ్మిదికే పడుకునేదాన్ని, ఆరుకి లేచేదాన్ని. పక్క మీద తొమ్మిది గంటలు, నిద్ర అయిదున్నర. అంటే వందకి 61. మిగతా సమయమంతా పక్క మీద దొర్లడం. దాంతో మెదడుకి పక్క అంటే ఆలోచనల చోటని అలవాటైపోతుంది. వారం రోజులు ఎంతసేపు నిద్రపోయామో రాసి, ఆ సగటుకి దగ్గరగా పక్క సమయాన్ని కుదించాలి, అయిదు గంటల కంటే తక్కువకి మాత్రం పోకూడదు. నాకు పన్నెండు నుంచి ఆరు అని పెట్టారు. మొదటి నాలుగు రోజులు నరకం, పగలంతా కళ్ళు మూతలు పడేవి. వారం చివరికి ఆరు గంటల్లో అయిదుంబావు నిద్ర, వందకి 87. 85 దాటిన ప్రతి వారం పడుకునే టైము పావుగంట ముందుకు జరుపుకోవచ్చు. అలా ఆరు వారాల్లో పదిన్నరకి వచ్చాను. లేచే టైము మాత్రం ఆదివారమైనా, రథయాత్రైనా మారకూడదు. ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే లేచి వేరేచోట కూర్చోవాలి, గడియారం చూడకూడదు, మత్తుగా అనిపిస్తేనే మళ్ళీ పక్క ఎక్కాలి. లారీ, ఆటో నడిపేవాళ్ళు, మూర్ఛ ఉన్నవాళ్ళు, ఒకప్పుడు అతి ఉత్సాహంతో నిద్రే లేకుండా తిరిగిన జబ్బు ఉన్నవాళ్ళు ఈ కుదింపు సొంతంగా మొదలుపెట్టకూడదు.

టీ సంగతి. అందులోని కెఫీన్ సగం తగ్గడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం అయిదింటి టీలో సగం రాత్రి పదికి ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు తర్వాత మానేశాను. మన వైపు ఇంకొకటి ఉంది, గుడాఖు. పళ్ళు తోముకునేదే కదా అనుకుంటారు, అది పొగాకు. చిగుళ్ళలోంచి నికోటిన్ నేరుగా రక్తంలోకి వెళ్ళి గుండెని వేగం చేస్తుంది. పొద్దున్నే దడ అనే ఆడవాళ్ళని గుడాఖు వాడతారేమో అడిగి తీరాలి. సారా తాగితే నిద్ర పడుతుందనేది సగం నిజం: పడుతుంది, అర్ధరాత్రి దాటాక మత్తు దిగగానే తెలివొచ్చేస్తుంది, దడతో.

ఆలోచనలకి వేళ పెట్టడం మూడో వారంలో. రోజూ ఒకే చోట, ఒకే టైముకి ఇరవై నిమిషాలు. నాది సాయంత్రం అయిదు, మెట్ల మీద. పగలు ఏ గుబులు వచ్చినా కాగితం మీద రెండు మాటలు రాసి "అయిదింటికి" అని వాయిదా వేయాలి. అయిదింటికి ఆ చిట్టా తీసి మూడు వాటాలు వేయాలి: చెయ్యగలిగినవి, మన చేతిలో లేనివి, అసలు పట్టించుకోనక్కర్లేనివి. చెయ్యగలిగినదానికి మొదటి అడుగు ఒక్కటే, రేపు పన్నెండు లోపు జరిగేంత చిన్నది రాయాలి. "అప్పు తీర్చాలి" అనేది అడుగు కాదు. "రేపు పదింటికి బ్యాంకుకి పోయి మిగిలిన అసలెంతో అడగాలి" అనేది అడుగు. రాత్రి భోజనం తర్వాత ఈ పని పెట్టుకుంటే నిద్ర పాడవుతుంది.

మన చేతిలో లేనివాటికి ఈ లెక్కలు పనిచేయవు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చాక గాలి హోరు వినబడితే గుండె జారేవాళ్ళు ఈ జిల్లాలో చాలామందే. విపత్తు తర్వాత కొన్ని వారాలు ఉలిక్కిపడటం, పీడకలలు ఒంటికి సహజం, చాలామందికి తగ్గిపోతుంది. నెల దాటినా అదే దృశ్యం కళ్ళ ముందు తిరుగుతూ, ఆ దారినే వెళ్ళలేకపోతుంటే చూపించుకోవాలి. అంతవరకు పక్కన మనుషులుండటం, పని ఉండటం, వేళకి తిండి చాలు. జరిగింది చెప్పు చెప్పు అని బలవంతపెట్టకూడదు.

నాకు మిగిలిపోయిన చిక్కు తప్పించుకు తిరగడం. బస్సులో ఒకసారి దడ వచ్చాక బస్సు మానేశాను. మానేసిన ప్రతిసారీ హాయిగా ఉంటుంది, ఆ హాయే భయాన్ని పెంచుతుంది. దీనికి నిచ్చెన కట్టారు. భయానికి పదికి మార్కులేసి, తేలికదాన్నించి మొదలు: బస్టాండులో పావుగంట కూర్చోవడం, 3. ఆటోలో పాతపట్నం వెళ్ళి రావడం, 5. బస్సులో టెక్కలి, 7. గుణుపురం లైనులో రైలెక్కి విశాఖ దాకా, 9. ఒక్కో మెట్టు మీద భయం సగానికి తగ్గేదాకా ఉండాలి, మధ్యలో దిగిపోకూడదు, మరుసటి రోజూ అదే చెయ్యాలి. దడ ఉధృతం సాధారణంగా పది నిమిషాల్లో శిఖరానికి చేరి దిగడం మొదలవుతుంది. అది దిగడాన్ని కళ్ళారా చూడటమే ఇక్కడ మందు. నీళ్ళ సీసా, జేబులో మాత్ర, తోడుగా మనిషి, ఇవన్నీ మొదట్లో సరే, తర్వాత ఒక్కొక్కటే వదలాలి. లేకపోతే "నీళ్ళ సీసా వల్ల బతికాను" అని మనసు లెక్క రాసుకుంటుంది. ఇంట్లో బీపీ మిషను ఉంటే అదీ అంతే. రోజుకి పదిసార్లు చూసుకోవడం మాని, డాక్టరు చెప్పినప్పుడే చూడాలి.

ఆందోళన మార్కులు 16 కాబట్టి మాత్ర కూడా రాశారు: ఎసిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములు, వారం తర్వాత 10. ఇది అలవాటు పడే నిద్రమాత్ర కాదు. మొదటి పది రోజులు వికారం, కాస్త ఎక్కువ గాబరా, నోరు ఎండటం ఉంటాయి. గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. ఎక్కువమంది వదిలేసేది ఈ మధ్య కాలంలోనే, కష్టం కనిపించి ఫలితం కనిపించని రోజుల్లో. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గింది. చిన్నవయసువాళ్ళకి మొదటి వారాల్లో చావు ఆలోచనలు పెరుగుతున్నాయేమో ఇంటివాళ్ళు కనిపెట్టి ఉండాలి. క్లోనజిపామ్ లాంటి మత్తు మాత్రలు కొద్ది రోజులకే రాస్తారు, అవి అలవాటవుతాయి. పాత చీటీ చూపించి షాపులో కొంటూ పోవడం ప్రమాదం.

దిష్టి తీయించుకోవడం, అమ్మవారి దగ్గర మొక్కు, తాయెత్తు గురించి డాక్టరు ఏమీ అనలేదు. నేనూ అనను. వాటివల్ల ఇంటిల్లిపాదీ పక్కన నిలబడతారు. కట్టడం, కొట్టడం, పస్తు పెట్టడం, మాత్ర మానమనడం ఉన్న చోటికి మాత్రం మనిషిని తీసుకుపోవద్దు.

ఆరో వారానికి నా మార్కులు 9. పన్నెండో వారానికి 4. అక్కడ ఆపేయాలనిపిస్తుంది, ఆపకూడదు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు, తరచు ఏడాది, అదే మోతాదు. తర్వాత డాక్టరు చెప్పినట్టు మెల్లగా: 10 నుంచి 5, కొన్ని వారాలాగి, ఆపైన ఆపడం. ఒక్కసారిగా మానేస్తే తలలో కరెంటు షాకులా జివ్వుమనడం, తల తిరగడం, చిరాకు మొదలవుతాయి, జబ్బు తిరగబెట్టిందని భయపడతాం. ఈ రెండింటికీ తేడా ఉంది: మానేయడం వల్ల వచ్చేది కొద్ది రోజుల్లోనే మొదలై సాధారణంగా రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది, జబ్బు అయితే వారాల తరబడి మెల్లమెల్లగా పెరుగుతుంది. ఇది తేల్చుకోవడానికి మందు తగ్గించే రెండు వారాల ముందు నుంచీ మళ్ళీ నాలుగు గళ్ళ పేజీ మొదలుపెట్టాను. ఇప్పుడు 5 మిల్లీగ్రాముల మీద ఉన్నాను. మొన్న మంగళవారం వరుసలో ఒక్కటే రాసుంది: "రాత్రి 1.10. మెలకువ. 10 నిమిషాలు. కుక్కలు అరిచాయి."